సహజ గాలి సరఫరా

గువ్వలమిట్ట రక్షిత సేద్య పరిశోధనా కేంద్రంలో నేను ఆఫీసు సూపరింటెండెంటుని. శాస్త్రవేత్తను కాను. అయినా మా కేంద్రంలో గాలి ఎటు నుంచి ఎటు వీచాలో నిర్ణయించిన ఉత్తర్వులన్నీ నా చేతిమీదుగానే వెళ్లాయి కాబట్టి, ఈ సంగతి చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

మాకొక పాలీహౌస్ ఉంది. ఇనప గొట్టాల మీద తెల్లటి ప్లాస్టిక్ షీటు కప్పిన పెద్ద పందిరి అనుకోండి. కాగితాల్లో మాత్రం దాన్ని హరితగృహం అనాలి. అందులో డాక్టర్ నరసింగం గారు ఏళ్ల తరబడి ఒక క్యాప్సికం రకాన్ని తయారుచేస్తున్నారు. చల్లటి చోట క్యాప్సికం ఎవరైనా పండిస్తారు, మా చిత్తూరు జిల్లా ఎండలో పూత రాలకుండా కాసేది కావాలని ఆయన పట్టు. ఇద్దరు కూతుళ్ల పుట్టినరోజులు మరిచిపోతారు గాని, ఏ మొక్క పుప్పొడి ఏ పువ్వుకి అద్దారో అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఆయనకి సాయంగా మునెమ్మ అనే దినకూలీ ఉండేది. తీగలు కట్టడం, ఆకులు తుంచడం, నీళ్లు చూడటం ఆమె పని.

వేసవిలో ఆ పందిట్లోకి వెళ్తే కళ్లజోడు మీద ఆవిరి పట్టేది. పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి చల్లబరచుకోవచ్చు గాని, రైతులకి ఆ కరెంటు ఖర్చు ఎక్కడిది? గాలి దానంతటదే వచ్చి, దానంతటదే పోయేలా చెయ్యగలిగితే మేలు. ఆ పని కోసమే డాక్టర్ కుముదినిని మా దగ్గరికి పంపారు. ముప్పై ఏళ్లుంటాయేమో. వచ్చిన మొదటి రోజే నా దగ్గర కుర్చీ అడక్కుండా, పందిరి కొలతలు అడిగిన మనిషి.

ఆవిడ పని నాకు అర్థమైనంతలో ఇది. కంప్యూటర్‌లో అచ్చం మా పందిరి లాంటి పందిరే కడుతుంది. దాని లోపలి గాలినంతా లక్షల చిన్న చిన్న గడులుగా కోస్తుంది. ఒక్కో గడిలో గాలి ఎంత వేడిగా ఉంది, పక్క గడిలోకి ఎంత జోరుగా పోతోంది అని కంప్యూటర్ లెక్కేస్తుంది. చివరికి రంగుల బొమ్మ వస్తుంది. కిటికీలు ఇక్కడ తెరిస్తే ఏమవుతుంది, అక్కడ మూస్తే ఏమవుతుంది అని, గొట్టం ఒక్కటీ కొయ్యకుండా ముందే చూసుకోవచ్చు. మంచి విద్యే.

ఆ బొమ్మని ఆవిడ మీటింగు హాల్లో తెర మీద చూపించింది. మా డైరెక్టర్ డాక్టర్ విద్యాపతి గారు ముందు వరుసలో కూర్చున్నారు.

"గాలి వీచే వైపు కప్పు కిటికీ మూసి, అవతలి వైపుది తెరవాలి సార్. అప్పుడు లోపలి వేడిని బయటి గాలి పైకి లాక్కుపోతుంది. ఇది మొదటి లెక్క మాత్రమే. సులువు కోసం లోపల మొక్కలు లేవనీ, తలుపు లేదనీ, గాలి ఎప్పుడూ పడమటి నుంచి ఒకే వేగంతో వీస్తుందనీ అనుకున్నాను. తరువాత అవన్నీ కలపాలి" అంది కుముదిని.

"ఆ నీలం రంగు ఏమిటి?" అన్నారు డైరెక్టర్ గారు.

"చల్లదనం సార్."

"ఎరుపు?"

"వేడి."

"ఎరుపు తక్కువగానే ఉంది" అని ఆయన సంతృప్తిగా వెనక్కి వాలారు. "శాస్త్రం చాలా ముందుకు పోయింది."

నరసింగం గారు వెనక వరుసలోంచి చప్పట్లు కొట్టారు. "అమ్మా కుముదినీ, ఆ కిటికీ మార్పు ఒక్కటి చేయించు, నా మొక్కలు నీ పేరు చెప్పుకుంటాయి" అన్నారు. ఇద్దరికీ అప్పట్లో అంత స్నేహం. మధ్యాహ్నం క్యారియర్లు కలిపి తినేవాళ్లు.

కిటికీ మార్పు వెంటనే జరగలేదు. డైరెక్టర్ గారు బొమ్మకి ఫ్రేము కట్టించి రాజధానికి పంపారు. అక్కడ కమిషనర్ గారికి నీలం రంగు ఎంతో నచ్చిందట. ఉత్తర్వు వచ్చింది. నేనే చదివి వినిపించాను.

"గువ్వలమిట్ట కేంద్రము వారిచే రూపొందించబడిన గాలి నమూనాను ప్రభుత్వము సహర్షముగా ఆమోదించినది. ఇకమీదట సదరు కేంద్రపు హరితగృహము సదరు నమూనాకు అన్ని విధములా అనుగుణముగా నడచుకొనవలెను. తేడాలను తీవ్రముగా పరిగణించెదము."

ఉత్తర్వు ప్రకారం కప్పు కిటికీలు మార్చి, తేడాలు చూడటానికి సరిపోలిక కమిటీ అని ఒకటి వేశారు. దానికి అధ్యక్షులు డైరెక్టర్ గారే. కమిటీ సభ్యులు థర్మామీటర్లు పట్టుకుని పందిట్లోకి వెళ్లి, చెమటలు కక్కుతూ బయటికొచ్చారు. బొమ్మలో నీలంగా ఉన్నచోట లోపల ఎర్రగా ఉంది.

"మోడల్ ఒకటి చెబుతోంది, హరితగృహం ఇంకొకటి చెబుతోంది. ఏది తప్పు?" అన్నారు డైరెక్టర్ గారు.

ఆయన నా వైపు తిరిగారు. "భూషణంగారూ, మోడల్‌కి ప్రభుత్వ ఆమోదం ఉంది కదా?"

"ఉంది సార్."

"హరితగృహానికి ఉందా?"

నేను ఫైళ్లు తిరగేశాను. అది ఎప్పుడో కట్టింది. ఆమోదపు కాగితం దొరకలేదు. "కనబడటం లేదు సార్" అన్నాను.

"అయితే తప్పు హరితగృహానిది" అని ఆయన తేల్చారు. "డాక్టర్ కుముదినీ, తేడాకి కారణం చెప్పండి."

ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు. ఉన్నదున్నట్టు చెప్పింది. "లోపల మొక్కలున్నాయి కదా సార్. గాలికి అడ్డం వస్తాయి, తేమ వదులుతాయి. లెక్కలో మొక్కల్లేవు. అందుకే తేడా."

అంటూనే ఆవిడకి తెలిసిపోయింది, ఏమన్నదో. కానీ అప్పటికే డైరెక్టర్ గారు నాతో రాయించడం మొదలుపెట్టారు. "తేడాకు కారణము మొక్కలుగా నిర్ధారింపబడినది."

నరసింగం గారు లేచి నిలబడ్డారు. "అది మొక్కల కోసం కట్టింది సార్!"

"ఎవరన్నారు?"

"ఎవరనాలి? హరితగృహం అంటేనే..."

"హరితం ఉంది. గృహం ఉంది. మొక్క అనే మాట అందులో ఎక్కడుందో చూపించండి" అన్నారు డైరెక్టర్ గారు, ఎంతో ఓర్పుగా.

మర్నాడు మొక్కల్ని ఖాళీ చేయించాం. కూలీలు మొక్కలున్న మట్టి సంచుల్ని ఒక్కొక్కటే ఎత్తి బయటికి తెచ్చారు. ఎక్కడ పెట్టాలనేది ఉత్తర్వులో లేదు. చివరికి సైకిల్ షెడ్డు చూపించాను. నాలుగు గుంజలు, పైన రేకు, గోడలుండవు. నరసింగం గారు కాపున్న కొమ్మల్ని చంకలో పెట్టుకుని మరీ మోశారు. కుముదిని ఒక సంచి పట్టుకోబోతే, "వద్దమ్మా, అడ్డం వస్తావు" అన్నారు. ఆ మాట తరువాత ఆయన ఆవిడతో మాట్లాడటం మానేశారు. క్యారియర్ కూడా షెడ్డులోనే, మొక్కల మధ్య కూర్చుని తినసాగారు.

బొమ్మలో తలుపు లేదు. అందుకని పందిరి తలుపు కుట్టించేశాం. బొమ్మలో మనిషి లేదు. అందుకని మునెమ్మని రావద్దన్నాం. ఆమె నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏంది సార్, నేనేం జేస్తిని? లోపలికి పోవద్దంటా ఉండారు."

"నువ్వేం చెయ్యలేదు మునెమ్మా. నువ్వు మోడల్‌లో లేవు."

"లేకపోతే నన్ను గూడా అందులో పెట్టమనండి సార్. నేను పని జేసేది అందరూ జూస్తానే ఉండారు గదా. పనిలో లేకుంటే కూలి ఎట్లొస్తాది?"

న్యాయమైన కోరికే. కానీ అది నా పరిధిలోది కాదు.

ఇక గాలి మిగిలింది. గాలి ఎప్పుడూ పడమటి నుంచి ఒకే వేగంతో వీయాలి. గువ్వలమిట్ట గాలి అలా వీయదు. పొద్దున కొండ మీంచి దిగుతుంది, మధ్యాహ్నం చెరువు మీంచి వస్తుంది, సాయంత్రం దానిష్టం. డైరెక్టర్ గారు రెండు రోజులు ఆలోచించి, పందిరికి పడమట పెద్ద పెద్ద ఫ్యాన్లు వరుసగా బిగించమన్నారు. ఫ్యాన్లంటే అభ్యంతరం వస్తుందని నేనే వాటికి 'సహజ గాలి సరఫరా యంత్రములు' అని పేరు పెట్టాను. కరెంటు పోతే సహజ గాలి ఆగిపోకుండా జనరేటర్ కూడా కొన్నాం. తూర్పు గాలి వచ్చి చెడగొట్టకుండా అటు ఎత్తుగా గోడ కట్టించాం.

ఈసారి సరిపోలిక కమిటీ కప్పు కిటికీలోంచి థర్మామీటర్లు దింపి చూస్తే, బొమ్మకీ పందిరికీ తేడా లేదు. ఖాళీ పందిరి, కుట్టిన తలుపు, పడమటి గాలి. కమిటీ సభ్యులు ఒకరికొకరు స్వీట్లు తినిపించుకున్నారు. కుముదిని తినలేదు.

ఆవిడ ఊరుకునే మనిషి కాదు. డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లి తలుపు వేసింది. ఆయన నన్ను కూడా పిలిచారు, సాక్షిగా.

"సార్, మోడల్‌లో మొక్కలు కలుపుతాను. ఇంకా చల్లగా వస్తుంది. మొక్కలు నీళ్లు పీల్చి ఆవిరి వదులుతాయి కదా, ఆ చోటంతా చల్లబడుతుంది. నీలం పెరుగుతుంది సార్."

నీలం అనే మాటకి ఆయన తలెత్తారు. "ఎంత పెరుగుతుంది?"

ఆవిడ బొమ్మ వేసి తెచ్చింది. మొక్కల్ని ఒక్కొక్క ఆకుగా వేస్తే లెక్క తెమలదు కాబట్టి, వరుసల్ని పచ్చటి పెట్టెల్లా వేసింది. గాలి వాటిలోంచి నెమ్మదిగా దూరిపోతుంది, తేమ బయటికొస్తుంది. ఒక తలుపు పెట్టింది. పెట్టెల మధ్య నిలబడ్డ ఒక చిన్న బొమ్మని కూడా పెట్టింది. అడిగితే, "మునెమ్మ సార్" అంది.

ఇదంతా చేస్తే మొక్కలు తిరిగి లోపలికి వస్తాయని, మునెమ్మకి పని దొరుకుతుందని ఆవిడ ఆశ. నేనూ అలాగే అనుకున్నాను.

కమిటీ కూర్చుంది. నీలం పెరిగినందుకు హర్షం తెలిపింది. మునెమ్మ మీద మాత్రం అభ్యంతరం వచ్చింది. ఆమె నిలబడ్డచోట చిన్న ఎర్రచుక్క ఉంది.

"మనిషి ఒంట్లో వేడి ఉంటుంది సార్" అంది కుముదిని.

"తగ్గించలేరా?"

"బతికున్న మనిషికి సాధ్యం కాదు సార్."

చాలా చర్చ జరిగాక, 'వేడి విడుదల చేయని పక్షమున సదరు కార్మికురాలిని అనుమతింపవచ్చును' అని తీర్మానం రాశాం. అది విని మునెమ్మ, "పొద్దున్నే చన్నీళ్లు బోసుకొని వస్తాలే సార్" అంది. దానితో ఆ అంశం ముగిసింది.

మొక్కల విషయం ఇంకాస్త పెద్దది. మొక్కలని రాస్తే అవి వ్యవసాయ పద్దు కింద వస్తాయి. మోడల్‌లో ఉన్నవి చల్లబరిచే సామగ్రి. అందుకని 'పత్రాధారిత శీతలీకరణ పరికరములు' అని రాసి టెండరు పిలిచాం. షరతులు ఇవి. అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. మోడల్‌లో చూపిన విధంగా పెట్టె ఆకారంలో ఉండాలి. ఏడాదిపాటు వాడిపోకుండా వారంటీ ఇవ్వాలి.

నేను షెడ్డుకి వెళ్లి నరసింగం గారికి చెప్పాను. "మీరు కూడా టెండరు వెయ్యొచ్చు సార్. మీ మొక్కలే కదా."

ఆయన ఒక మొక్కకి పుడక కడుతున్నారు. సగం మొక్కలు అప్పటికే ఎండకి పోయాయి. మిగిలినవాటి ఆకులు చిన్నవై, దళసరెక్కాయి. "నా మొక్కలకి వారంటీ నేనెట్లా ఇస్తానయ్యా భూషణం?" అన్నారు. "దేవుడు నాకే ఇవ్వలేదు."

తలుపు ఇప్పుడు బొమ్మలో ఉంది కాబట్టి కుట్లు విప్పించాం. షరతులన్నిటికీ సరిపోయిన పరికరాలు లారీలో వచ్చాయి. ప్లాస్టిక్‌వి. ఆకులు మెరిసిపోతున్నాయి. పెట్టె ఆకారంలో కత్తిరించారు. సరఫరాదారు మంచివాడు, అడక్కుండానే ఒక్కో పెట్టెకీ ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి క్యాప్సికం కాయలు అంటించి పంపాడు.

ఇక ఒక్క చిక్కు వచ్చింది. ప్లాస్టిక్ ఆకు తేమ వదలదు. మోడల్‌లో ఉన్న తేమ ఎలా? మునెమ్మని పిలిచి, వీపుకి స్ప్రేయరు తగిలించి, ఆ ఆకుల మీద రోజంతా నీళ్లు కొట్టమన్నాం. ఆమెకి కూలి తిరిగి దొరికింది. మొదటి రోజు లోపలికి వెళ్లి ఒక ఆకు తుంచబోయి, తుంచలేక, మళ్లీ బయటికి వచ్చింది.

"సార్, ఇవి రబ్బరివి."

"తెలుసు మునెమ్మా."

"తెలిసేనా నీళ్లు బొయ్యమనేది?"

"అవును."

ఆమె నన్ను కాసేపు అలా చూసి, "సరే" అని లోపలికి పోయింది. లోపలి నుంచి చాలాసేపు నవ్వు వినిపించింది. ఆ తరువాత స్ప్రేయరు చప్పుడు.

కుముదిని మాత్రం నవ్వలేదు. నా బల్ల ముందు కూర్చుని, "నా లెక్కలో తప్పేం లేదు భూషణంగారూ. మరి ఇట్లా ఎందుకయింది?" అంది. కళ్లలో నీళ్లున్నాయి. టీ తెప్పించాను.

ఆ ఎండల్లోనే కమిషనర్ గారు స్వయంగా చూడటానికి వచ్చారు. సహజ గాలి సరఫరా యంత్రాలన్నీ ఒకేసారి ఆన్ చేశాం. ఆయన పంచె ఎగిరిపోకుండా పట్టుకుని లోపలికి నడిచారు. పచ్చటి పెట్టెల మధ్య మునెమ్మ నీళ్లు కొడుతోంది. కమిషనర్ గారు ఆకులు తిరగేసి చూశారు.

"ఒక్క పురుగు లేదే!"

"వచ్చే అవకాశమే లేదు సార్" అన్నారు డైరెక్టర్ గారు.

"కాయ గట్టిదనం చూడండి! రవాణాలో ఒక్కటి నలగదు."

"రాలదు కూడా సార్."

కమిషనర్ గారు చాలా ఆనందించారు. ఇలాంటి కేంద్రం దేశంలో ఇంకోటి లేదన్నారు. అందులో నాకూ అనుమానం లేదు. కారెక్కబోతూ ఆయన డైరెక్టర్ గారి చెవి దగ్గర మెల్లగా అన్నారు. "మా ఆవిడ క్యాప్సికం కూర బాగా చేస్తుంది. ఒక సంచి పెట్టించండి."

డైరెక్టర్ గారు నా వైపు చూశారు. నేను సైకిల్ షెడ్డు వైపు చూశాను.

అక్కడ మిగిలిన మొక్కలు కాశాయి. పోయినవి పోగా, నిలబడ్డవి ఆ ఎండలోనే పూసి, పూత రాల్చకుండా కాశాయి. విత్తనానికి ఉంచుకున్న కాయలకి నరసింగం గారు ఎర్రదారం కట్టుకున్నారు. నేను అడగ్గానే మిగతావి కోసి సంచిలో వేశారు. పేచీ పెడతారనుకున్నాను, పెట్టలేదు. "తిననీ. కనీసం రుచన్నా తెలుస్తుంది" అన్నారు.

అయితే కమిషనర్ గారు నా వెనకే నడుచుకుంటూ వచ్చేశారు. ఆయన వెనక డైరెక్టర్ గారు, కుముదిని. రేకు కిందికి రాగానే ఆగిపోయారు. నాలుగు వైపుల నుంచీ గాలి వస్తోంది.

"ఇక్కడ హాయిగా ఉందే! ఇదేమిటి?"

"ఇది మోడల్‌లో లేదు సార్" అన్నారు డైరెక్టర్ గారు కంగారుగా.

"లేకపోతే పెట్టండి! దీనికి వెంటనే కంప్యూటర్ నమూనా చేయించండి. వారంలోగా ఆమోదిస్తాను."

"చిత్తం సార్. ముందు లెక్కకి అనువుగా ఖాళీ చేయిస్తాను" అని డైరెక్టర్ గారు అప్పుడే కూలీల కోసం చుట్టూ చూస్తున్నారు. నరసింగం గారు ఎర్రదారాలున్న మొక్కల ముందుకు వచ్చి నిలబడ్డారు.

అందరం కుముదిని వైపు చూశాం. ఆవిడ కమిషనర్ గారి ముందుకి వచ్చింది.

"ఈ షెడ్డుకి నమూనా రాదు సార్."

"ఎందుకు రాదు?"

"గోడల్లేవు సార్. గోడల్లేని చోట గాలికి హద్దుండదు. హద్దు లేనిదాన్ని కంప్యూటర్ ఒప్పుకోదు."

"అయితే గోడలు కట్టండి!"

"కడితే ఇది సైకిల్ షెడ్డు కాదు సార్, కొత్త భవనం అవుతుంది. కొత్త భవనానికి ఆర్థిక శాఖ అనుమతి కావాలి. మీ సంతకంతో ఫైలు పెట్టాలి."

ఆర్థిక శాఖ అనగానే కమిషనర్ గారు ఒకడుగు వెనక్కి వేశారు. "వద్దు వద్దు. సైకిళ్ల షెడ్డుకి మనం అంత దూరం పోనక్కర్లేదు" అన్నారు. నేను అక్కడికక్కడే రాసి వినిపించాను. "సదరు షెడ్డు గాలి పరిశోధనకు ఎంతమాత్రమూ పనికిరాదని గౌరవ కమిషనర్ వారు స్వయముగా పరిశీలించి తేల్చినారు." ఆయన సంతకం పెట్టి, సంచి తీసుకుని వెళ్లిపోయారు. డైరెక్టర్ గారు కారు వెనక గేటు దాకా పరిగెత్తారు.

షెడ్డులో ముగ్గురం మిగిలాం. ఫ్యాన్లు ఆపేసినట్టున్నారు, ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నరసింగం గారు తిరగేసిన బకెట్ మీద కూర్చుని నుదురు తుడుచుకున్నారు.

"నిజంగా ఒప్పుకోదా అమ్మా?" అన్నారు. మొక్కలు షెడ్డుకి వచ్చాక ఆయన ఆవిడతో అన్న మొదటి మాట అదే.

"ఎందుకొప్పుకోదు సార్?" అంది కుముదిని. "పోయిన నెలే లెక్కేసి చూశాను. ఈసారి మొక్కలతో సహా వేశాను. గాలి అటూ ఇటూ మారడం కూడా పెట్టాను. ఎవరికీ చూపించలేదు."

ఆయన బకెట్ మీంచి ముందుకి వంగారు. "ఏం చెప్పింది?"

"మధ్యాహ్నం ఈ చివరి వరుసకి గాలి అందడం లేదంది. పక్క వరుస అడ్డం వస్తోంది. మూరెడు ఇటు జరిపితే చాలంది."

నరసింగం గారు లేచారు. వంగి, చివరి సంచికి ఒక పక్క పట్టుకున్నారు. "మరి పట్టుకో. ఒక్కణ్ణే ఎత్తలేను."

ఆవిడ రెండో పక్క పట్టుకుంది. ఇంతలో మునెమ్మ స్ప్రేయరు గుంజకి ఆనించి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, అడక్కుండానే తరువాతి సంచి దగ్గర వంగింది.

నేను ఫైలు తీసుకుని ఆఫీసులోకి నడిచాను. సంచులు జరపడానికి ఉత్తర్వేదీ లేదు. అందుకని నేను చూడలేదు.